పంతొమ్మిదో పీపా

ఫిబ్రవరి 3

అక్కా,

ఈ సంగతి ఫోన్లో చెబితే రెండు నిమిషాల్లో అయిపోయేది. కానీ ఫోన్లో అన్న మాటకి ఫైలు నంబరు ఉండదని, ముఖ్యమైనదేదీ నువ్వు ఫోన్లో వినవు. అందుకని కలం పట్టాను. నా రాతలో తప్పులకి ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి తిరిగి పంపకు. నాకు యాభై రెండేళ్లొచ్చాయి.

మంచి కబురు. ఇరవై ఆరేళ్లుగా నువ్వు ఎక్కడెక్కడికో పంపుతున్న అర్జీలకి ఇప్పటికి జవాబొచ్చింది. ఏ పై అధికారి దగ్గర్నుంచో కాదు, నీ తమ్ముడి దగ్గర్నుంచి. మీ ఊరి పాత అణు విద్యుత్ కేంద్రం వెనక, కంచె లోపల నిలబెట్టిన నలభై రెండు కాంక్రీటు పీపాలనీ మేం తీసుకెళ్లబోతున్నాం.

మేం అంటే నేను మూడేళ్ల కిందట చేరిన కర్మాగారం. ఇక్కడ నేనేం చేస్తానో నువ్వెప్పుడూ అడగలేదు. అడిగితే దెబ్బలాట అవుతుందని కాబోలు. ఇప్పుడు చెబుతాను. రియాక్టర్‌లో నాలుగైదేళ్లు వాడి తీసేసిన ఇంధనం కడ్డీలని అందరూ బూడిద అనుకుంటారు. అది బూడిద కాదు. అందులో నూటికి తొంభై అయిదు పాళ్లు యురేనియం అలాగే ఉంటుంది. దాన్ని అరిగించుకునే శక్తి పాతరకం రియాక్టర్‌కి లేదు. మేం కడుతున్నదానికి ఉంది. ఆ కడ్డీలు తెరిచి, పనికొచ్చేదంతా విడదీసి, కొత్త కడ్డీలుగా పోసి మళ్లీ వాడతాం. పొగ ఉండదు, మసి ఉండదు, చివరికి మిగిలే చెత్త చాలా కొంచెం. మీ ఊళ్లో ఆ పీపాల్లో పడున్నది చెత్త కాదక్కా, బంగారం. ఇన్నేళ్లూ బంగారం పక్కన కూర్చుని మీరంతా ముక్కు మూసుకున్నారు.

బావగారికి కూడా చెప్పు. ఆ పీపాలు నింపినవాళ్లలో ఆయన ఒకరు. సంతోషిస్తారు.

దిద్దించుకోవడానికి సిద్ధంగా,
చంటి


ఫిబ్రవరి 12

చంటీ,

ఉత్తరం అందింది. తప్పులు ఏడు. ఈసారికి వదిలేశాను.

చదవగానే నాకు సంతోషం రాలేదు. భయం వేసింది. నీ కర్మాగారానికీ మీ ఇంటికీ ఎంత దూరం? నా మేనకోడలు చదివే కాలేజీకి ఎంత దూరం? ఇరవై ఆరేళ్లు నేను "ఎక్కడికైనా తీసుకుపోండి" అని రాశాను. ఎక్కడికైనా అంటే మా తమ్ముడి వీధికని కాదు. అర్జీ రాసేటప్పుడు ఎంత జాగ్రత్తగా రాయాలో పిల్లలకి ముప్పై ఏళ్లు పాఠం చెప్పి, నేనే ఒక్క పదం దగ్గర బోల్తా పడ్డాను.

మీ బావకి చదివి వినిపించాను. విని, కళ్లజోడు తుడుచుకుని "మంచిది" అన్నారు. అంతే. లేచి మొక్కలకి నీళ్లు పోయడానికి వెళ్లిపోయారు. వర్షం పడుతోంది. అయినా పోశారు.

నీకు తెలుసుగా, ఇంట్లో ఆ పీపాల ఊసు ఎత్తకూడదని మా ఇద్దరి మధ్య ఒప్పందం. ఆయన ఉద్యోగం వాటిని నింపడం, కాపాడటం. నా పని వాటిని పొమ్మనడం. వానాకాలంలో ఇద్దరం ఒకే గొడుగులో గేటు దాకా వెళ్లేవాళ్లం. ఆయన గేటు లోపలికి డ్యూటీకి, నేను గేటు బయట ధర్నాకి. సాయంత్రం మళ్లీ అదే గొడుగులో ఇంటికి. "ఇవాళ ఎంతమంది వచ్చారు?" అని కూడా అడిగేవారు కాదు. నేనూ "ఇవాళ ఎన్ని నింపారు?" అని అడిగేదాన్ని కాదు. ఊళ్లో మాకంటే తక్కువ పోట్లాడుకున్న జంట లేదు.

నెలాఖరు ఆదివారం మా సమితి సమావేశం ఉంది. నీ ఉత్తరం చదివి వినిపిస్తాను. వాళ్లకీ తెలియాలి కదా.

మళ్లీ రాసేటప్పుడు దూరం కిలోమీటర్లలో రాయి.

మీ అక్క


ఫిబ్రవరి 24

అక్కా,

పదకొండు కిలోమీటర్లు. కాలేజీకి పద్నాలుగు. నీ మరదలు ఇక్కడే వంటగది గోడలకి రంగులు ఎంచుతోంది, అంటే భయపడే మనిషి లక్షణం కాదని నీకు తెలుసు.

నా ఉత్తరం సమితిలో చదవొద్దు. అది నీకు రాసింది. ఆ బంగారం అన్న మాట మరీ ముఖ్యంగా చదవొద్దు. అక్కాతమ్ముళ్ల మాట వేరు, మైకు ముందు మాట వేరు.

తొందరలో,
చంటి


ఫిబ్రవరి 27

చంటీ,

నీ రెండో ఉత్తరం నిన్న వచ్చింది. సమావేశం మొన్ననే అయిపోయింది. చదివేశాను. బంగారం అన్న మాటతో సహా.

మా అధ్యక్షుడు తెలుసుగా, మందులషాపు ఆయన. ఆయన లేచి, "టీచరమ్మగారూ, ఆ ముక్క మళ్లీ చదవండి" అన్నాడు. చదివాను. "అయితే ఇన్నాళ్లూ మనం బంగారాన్ని పట్టుకెళ్లమని బతిమాలుతున్నామా?" అన్నాడు. అక్కడ మొదలైంది. పీపాలు ఉన్నందుకే మనకి వెడల్పు రోడ్డు వచ్చిందని ఒకరు. అగ్నిమాపక కేంద్రం వచ్చిందని ఒకరు. అవి పోతే కాపలా ఉద్యోగాలు పోతాయి, అందులో మా అల్లుడు ఉన్నాడని ఇంకొకరు. ఇరవై ఆరేళ్లుగా ధర్నాలో నా పక్కన కూర్చున్నావిడ అల్లుడు ఆ కంచె లోపలే కాపలా పని చేస్తున్నాడని నాకు ఆ రోజే తెలిసింది.

చివరికి తీర్మానం జరిగింది. "పీపాల తరలింపు సమితి" ఇకనుంచి "పీపాల పరిరక్షణ సమితి". రబ్బరు స్టాంపులో ఒక్క పదమే మార్చాలి కాబట్టి పెద్దగా శ్రమ లేదన్నారు. నేను ఓటు వెయ్యలేదు. కానీ తీర్మానం రాసింది నేనే. వాళ్లలో ఎవరికీ వాక్యం ముగించడం రాదు. ఒక మాట మాత్రం నీతో చెప్పాలి. రాస్తుంటే చెయ్యి బాగానే సాగింది. ఇన్నేళ్లు మేం పొమ్మంటే పోనిది, వాళ్లకి కావలసి రాగానే లారీ ఎక్కుతుందా? అదేదో నాకు మింగుడు పడలేదు.

నీ ఉత్తరం నకలు పిటిషన్‌కి జతచేశాం. అనుబంధం ఒకటి. తప్పులు దిద్దాకే.

ఇప్పటికి కార్యదర్శి, ఎప్పటికీ అక్క


మార్చి 10

అక్కా,

మా డైరెక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచింది. బల్ల మీద నా ఉత్తరం ఉంది. బంగారం అన్నచోట పసుపు రంగు గీత. "మీ అక్కగారు మీ వాక్యాలు బాగా సరిచేశారు" అంది. నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఉద్యోగం తియ్యలేదు. అంతకంటే ఘోరం చేసింది. మీ ఊరి సహకారం సంపాదించే బాధ్యత నాకే ఇచ్చింది. ఎందుకంటే అక్కడ నాకు "పరిచయాలున్నాయట".

అది అలా ఉంచు. ఇంకో అవసరం పడింది. పీపాలు నింపడం మొదలెట్టిన మొదటి అయిదేళ్ల రికార్డుల్లో కొన్ని, ఆఫీసు కింద గదిలోకి నీళ్లొచ్చినప్పుడు తడిసి ముద్దయిపోయాయట. పంతొమ్మిదో నంబరు నుంచి ఇరవై ఆరు దాకా ఏ పీపాలో ఏ కడ్డీల కట్ట ఉందో, అది ఎలా ఉందో కాగితం మీద లేదు. బావగారికి సొంతంగా రాసిపెట్టుకునే అలవాటుందని విన్నాను. ఆ నోటు పుస్తకాలు కావాలి. అప్పట్లో ఏమైనా పొరపాట్లు జరిగి ఉంటే అవి కూడా మాకు తెలియాలి.

కొంచెం అడిగి చూడు.

చంటి


మార్చి 19

గౌరవనీయులైన ఇంజనీరు గారికి,

తమరి ఉత్తరం అందినది.

మీ బావగారు ముప్పై ఒక్క సంవత్సరాలు ఆ కేంద్రంలో ఆపరేటరుగా పనిచేశారు. ఆ కాలంలో వారిపై ఒక్క మెమో లేదు. గ్యాసు కట్టేశాక వంటింట్లోకి మళ్లీ రెండుసార్లు వెళ్లి చూసి వచ్చే మనిషి ఆయన. పొరపాట్లు ఉంటే మీ కొత్త యంత్రాలలో వెతుక్కోగలరు. మా ఇంట్లో అలాంటి పుస్తకాలేవీ లేవు. ఉంటే నాకు తెలియకుండా ఉండవు.

మే 6వ తేదీన ఇక్కడ బహిరంగ విచారణ జరుగుతుంది. సమితి తరఫున నేను మాట్లాడుతాను. తమరు కూడా రాగలరు.

భవదీయురాలు,
కార్యదర్శి, పీపాల పరిరక్షణ సమితి

(ఇది సమితి తరఫున కాదు: మేనకోడలికి పరీక్షలెలా అయ్యాయి?)


ఏప్రిల్ 1

అక్కా,

పరీక్షలు బాగానే రాసింది.

నువ్వు నన్ను "తమరు" అనేసరికి ఉత్తరం ఇంకెవరిదో నా పెట్టెలో పడిందనుకున్నాను. నేను బావగారిని తప్పు పట్టలేదు. పొరపాటు అన్నది మా వృత్తిలో మామూలు మాట. మీ బళ్లో హాజరు లాంటిది, రోజూ రాసుకుంటాం.

ఎందుకడిగానో చెబుతాను. పీపా మూత మేం చేతులతో తియ్యం. మీటరు మందం గాజు కిటికీకి ఇవతల నించుని, అవతల ఉన్న యంత్రపు చేతులని కదిలిస్తాం. లోపల పగిలిన కడ్డీ ఉందని ముందే తెలిస్తే దానికి వేరే గది, వేరే పద్ధతి. తెలియకుండా తెరిస్తే ఆ గదంతా పాడవుతుంది. శుభ్రం చెయ్యడానికి ఏడాది, ఆ చేసేవాళ్లకి ముప్పు. ఆ కిటికీ ముందు నిలబడేది ఎవరో కాదు, నేనూ, నా కింద పనిచేసే ఆరుగురూ. అందులో ఇద్దరు పిల్లల తల్లి ఒకావిడ.

పుస్తకాలు నువ్వే దాచావని డైరెక్టరమ్మ అంటోంది, విచారణలో వాడుకోవడానికి. అబద్ధమెందుకు, ఒక పూట నేనూ అలాగే అనుకున్నాను. అనుకున్నందుకు క్షమించు. విచారణకి నన్ను రావద్దన్నారు. బంధుత్వం ఉన్నవాడు వస్తే బాగుండదట. బాధ్యత అప్పగించడానికి అడ్డురాని బంధుత్వం, కుర్చీలో కూర్చోడానికి అడ్డొచ్చింది.

చంటి


ఏప్రిల్ 17

చంటీ,

కూర్చుని చదువు.

మీ బావ ఫిబ్రవరి నుంచి రోజూ పొద్దున్నే లైబ్రరీకి వెళ్తున్నారు. పేపరు చదవడానికనుకున్నాను. పోయిన వారం కళ్లజోడు మరిచిపోతే ఇవ్వడానికి వెళ్లాను. ఆయన ముందు పేపరు లేదు. పాతవి నాలుగు నోటు పుస్తకాలు, కొత్తది ఒకటి. పాతదానిలోంచి కొత్తదానిలోకి గుండ్రటి అక్షరాలతో ఎత్తి రాస్తున్నారు. నీ మొదటి ఉత్తరం వచ్చిన మర్నాడే మొదలుపెట్టారట.

"ఏమిటివి?" అన్నాను.

"చంటికి కావలసినవి" అన్నారు.

"ఎక్కడున్నాయి ఇన్నాళ్లూ?"

"ట్రంకు పెట్టెలో. నీ అర్జీల కట్టల కింద."

ఆ పెట్టె మీద నేను ఇరవై ఆరేళ్లు కాగితాలు పేర్చాను. మూత తీసి చూద్దామని ఒక్కసారీ అనిపించలేదు.

అక్కడే, లైబ్రరీ బల్ల దగ్గరే చెప్పారు. నింపడం మొదలెట్టిన మూడో ఏడు, నీటి తొట్టిలోంచి కట్టని పైకి లాగుతుంటే కొక్కెం జారింది. కొక్కెం నడిపింది ఆయనే. కట్ట నీళ్లడుగున పడింది. రెండు కడ్డీలు పగిలాయి. షిఫ్టు అధికారి వచ్చి చూసి, "ఎవరికీ ఏమీ కాలేదుగా, రాయక్కర్లేదు" అన్నాడట. దాన్ని అలాగే పంతొమ్మిదో పీపాలో పెట్టి మూసేశారు. ఆఫీసు పుస్తకంలో రాయలేదు. ఈయన ఇంటికొచ్చి తన పుస్తకంలో రాసుకున్నారు. తేదీ, సమయం, ఏ వరసలో ఎన్నోది, అన్నీ.

చంటీ, ఆ ఏడాది నేను అధికారుల ముందు కూర్చుంటే, "ఇన్నేళ్లలో ఒక్క ప్రమాదం జరిగిందా? జరిగితే చూపించండి" అన్నారు. చూపించలేక తల దించుకుని ఇంటికొచ్చాను. ఆయన టీ పెట్టి ఇచ్చారు. చూపించాల్సింది ఆయన పక్కనే, పెట్టెలో ఉంది.

మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు బట్టలు మడతపెడుతూ ఆయనే అన్నారు. "నీకు చెబితే నువ్వు రాస్తావు. రాయకపోతే నీకు నిద్ర పట్టదు. రాస్తే నా ఉద్యోగం ఉండదు. ఆ తక్కెడ నీ చేతికివ్వడం ఇష్టం లేక ఊరుకున్నాను."

"పీపా సంగతో? ఊళ్లో వాళ్ల సంగతో?"

"పీపా మూసి ఉన్నంతకాలం ఎవరికీ ఏమీ కాదు. తెరిచేవాడికే తెలియాలి. తెరిచేవాడు వస్తాడని నేననుకోలేదు. వచ్చినవాడు చంటి అవుతాడని అసలే అనుకోలేదు."

నాకు కోపం తగ్గలేదు. తగ్గకపోగా, అందులో నామీద జాలి కూడా ఉందని తెలిసి ఇంకా పెరిగింది. విచారణలో తానే లేచి చెబుతానంటున్నారు. నేను సమితి తరఫున ఏం మాట్లాడాలో నాకు తెలియడం లేదు. ఈ ఒక్క పేజీ చాలు, తరలింపు పదేళ్లు ఆపేయించగలను. గెలుపు నా చేతిలో ఉంది. అది మా ఇంటాయన చేతిరాతలో ఉంది.

ఈ ఉత్తరం ఎవరికీ చూపకు. చింపెయ్యమని రాద్దామనుకున్నాను గానీ, కాగితం చింపమని నా చేత్తో రాయలేకపోయాను.

అక్క


ఏప్రిల్ 25

అక్కా,

రెండుసార్లు చదివాను. తర్వాత బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాను.

పంతొమ్మిదో పీపాలో తేడా ఉందని మాత్రం డైరెక్టరమ్మకి చెప్పక తప్పలేదు. ఆరుగురి సంగతి. ఎలా తెలిసిందని అడిగితే బావగారి పుస్తకమని చెప్పాను. ఆవిడ ఒక మాట నీకు చేరవేయమంది. బావగారు ఆ పుస్తకం మాకు పోస్టులో పంపిస్తే చాలట, విచారణలో లేచి మాట్లాడాల్సిన అవసరం లేదట. "పెద్దాయన, ఎందుకు శ్రమ" అంది. చేరవేశాను. ఇరవై మూడేళ్ల కిందట ఆయనతో "రాయక్కర్లేదు" అన్నవాడి గొంతు కూడా ఇంత మెత్తగానే ఉండి ఉంటుంది. కాబట్టి చేరవేసిన నేనే, ఆ మాట వినొద్దని కూడా అంటున్నాను.

నువ్వు ఆపేయించాలనుకుంటే ఆపేయించు. నాకు ఇంకో పని దొరుకుతుంది, దొరక్కపోతే నీ మరదలి గోడలకి రంగు వేస్తాను. బావగారిని మాత్రం భోజనాల దగ్గర ఒంటరిగా కూర్చోబెట్టకు.

నీ చంటి


మే 8

చంటీ,

నువ్వు రాకపోవడమే మంచిదయింది. వచ్చుంటే ఎటు చూడాలో తెలిసేది కాదు.

బడి హాల్లోనే పెట్టారు. కిటికీల్లోంచి కూడా జనం. వేదిక మీద ముగ్గురు అధికారులు, మీ డైరెక్టరమ్మ. నన్ను పిలిచారు. నా చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి సమితి తీర్మానం. రెండోది తెల్ల కాగితం. ఏం చెయ్యాలో అప్పటికీ తేలక, ఏమైనా తడితే రాసుకుందామని తీసుకెళ్లాను. నేను లేచి, "నాకంటే ముందు మాట్లాడాల్సినవారు ఒకరున్నారు" అని కూర్చున్నాను. అంత చిన్న ఉపన్యాసం నేనెప్పుడూ ఇవ్వలేదు.

మీ బావ ముందుకొచ్చారు. మైకు ఎత్తు సరిచెయ్యడం తెలియక వంగి మాట్లాడారు.

"మీ హోదా?" అన్నాడు పెద్ద అధికారి.

"రిటైర్డు ఆపరేటర్ని. ఆవిడ భర్తని."

జనం నవ్వారు. ఆయన పుస్తకం తెరిచి ఆ పేజీ చదివారు. తేదీ, సమయం, కొక్కెం ఎవరి చేతిలో ఉందో. షిఫ్టు అధికారి పేరు దగ్గర ఆగి, "ఆయన చనిపోయారు, ఆయన పేరు చదవను. నా పేరు చదువుతాను" అని తన పేరు రెండుసార్లు చదివారు. నవ్వినవాళ్లంతా నేలవైపు చూస్తున్నారు. నేను మాత్రం ఆయన్నే చూశాను. పెళ్లిలో కూడా అంతసేపు చూడలేదు.

ఆ తర్వాత జరిగింది విను. ఇక ఊరు మండిపోతుంది, నా ప్రమేయం లేకుండానే తరలింపు ఆగిపోతుంది అనుకున్నాను. మందులషాపు ఆయన లేచాడు. ముఖం పాలిపోయింది.

"ఇన్నేళ్లు ఇలాంటిదా మన పక్కన పెట్టుకున్నాం? అయ్యా, రేపే తీసుకెళ్లండి. ఎల్లుండి దాకా వద్దు" అన్నాడు.

"మీ సమితి పరిరక్షణ సమితి కదండీ" అన్నాడు అధికారి.

"నిన్నటిదాకా" అన్నాడు ఈయన.

గంట కిందట బంగారం, ఇప్పుడు విషం. మధ్యలో పీపా అంగుళం కూడా కదల్లేదు. అది మూసి ఉండగా ఏమీ కాదని మీ బావ మైకులో రెండుసార్లు చెప్పారు. ఎవరూ వినలేదు. నిజం చెప్పినవాడి మాటలో భయపెట్టే సగం మాత్రమే జనం ఇంటికి తీసుకెళ్తారు. అక్కడికక్కడే చేతులెత్తి సమితి పేరు మళ్లీ మార్చేశారు. స్టాంపు చేసే అతను ఈ ఏడాది మా మీదే బతుకుతున్నాడు.

నేను తెల్ల కాగితం మీద ఒకే వాక్యం రాసి అధికారికి ఇచ్చాను. పంతొమ్మిదో పీపా తెరిచేటప్పుడు ఈ పుస్తకం రాసినవారు ఆ కిటికీ దగ్గర ఉండాలి అని. మీ డైరెక్టరమ్మ చదివి, "వాక్యం బాగుంది" అంది.

ఇంటికొచ్చాక టీ నేను పెట్టాను.

అక్క


సెప్టెంబరు 14

అక్కా,

నిన్న తెరిచాం. బావగారు ఫోన్లో "అయింది" అని ఒక్క మాట చెప్పి పెట్టేసి ఉంటారు, అందుకని మిగతాది నేను రాస్తున్నాను.

తెల్లకోటు ఆయనకి రెండు సైజులు పెద్దది. చేతులు మడిచి పిన్నులు పెట్టాం. కిటికీ దగ్గర ఎత్తు స్టూలు వేస్తే కూర్చోలేదు. మూత తీసే ముందు, "రెండో వరసలో ఎడమనుంచి మూడోది. పై చివర కొంచెం వంగి ఉంటుంది" అన్నారు. పుస్తకం చూడకుండానే అన్నారు. యంత్రపు చేయి లోపలికి వెళ్లింది. రెండో వరస, మూడోది. పై చివర వంగి ఉంది.

"అదే" అన్నారు. అప్పుడు స్టూలు మీద కూర్చున్నారు. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని చాలాసేపు తుడుస్తూ ఉండిపోయారు. నీకు చెప్పానే, ఇద్దరు పిల్లల తల్లి, ఆవిడ మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి, "మీరు చెప్పకపోతే నేను దాన్ని మామూలుగానే పట్టుకునేదాన్ని" అంది. ఆయన ఆవిడకి నమస్కారం పెట్టారు. ఆవిడకేం చెయ్యాలో తెలియక ఆవిడా పెట్టింది.

ఆ కట్టని వేరే గదిలోకి జాగ్రత్తగా మార్చాం. ఎక్కడా రేణువు కూడా బయట పడలేదు. సాయంత్రం రోజువారీ పుస్తకంలో నేను రాయబోతుంటే, "ఇటివ్వు" అని ఆయనే రాశారు. కింద సంతకం పెట్టమని మా డైరెక్టరమ్మకి ఇచ్చారు. పెట్టింది.

ఇంకో రెండు వారాలు ఉంచుకోవచ్చా? మిగిలిన ఏడు పీపాల సంగతీ చూడాలి. భోజనం బాగానే చేస్తున్నారు. నీ మరదలు ఎంచిన రంగు బాగాలేదని మొదటిసారి ఎవరైనా మొహం మీద అన్నారంటే అది ఆయనే.

చంటి


నవంబరు 20

అక్కా,

బావగారిని నీకు తిరిగి అప్పగించి ఏడాది దాటింది. ఆ తర్వాత మన మధ్య ఉత్తరాలు లేవు, ఫోన్లే. నువ్వు కూడా ఫోన్‌కి అలవాటు పడ్డావనుకుని సంతోషించాను. తొందరపడ్డాను.

సోమవారం మా రియాక్టర్ కరెంటు మొదటిసారి తీగల్లోకి వెళ్లింది. మీ ఊరి కడ్డీలతో. ఆ సాయంత్రం వీధి దీపాలు వెలిగితే మేమంతా బయటికొచ్చి నిలబడ్డాం. దారినపోయే ఒకాయన "ఏమైంది, కరెంటు పోయిందా?" అని అడిగాడు.

ఇక అసలు సంగతి. అంతా విడదీసి వాడాక మిగిలింది చిన్న గదిలో పట్టేంత. దాన్ని గాజులో పోసి గట్టి చేశాం. పాత కడ్డీలకైతే లక్షల ఏళ్లు కాపలా కావాలి. దీనికి మూడు వందల ఏళ్లు చాలు. అది ఎక్కడ పెట్టాలో తేల్చడానికి అధికారులు నలభై ఊళ్లకి రాశారు, మీ దగ్గర ఉంచుకుంటారా అని. ముప్పై తొమ్మిది ఊళ్ల నుంచి జవాబు లేదు. ఒక్క ఊరి నుంచి దరఖాస్తు వచ్చింది. డైరెక్టరమ్మ పిలిచి చూపించింది. చేతిరాత నీది.

ఇదేమిటక్కా? ఇరవై ఆరేళ్లు పొమ్మన్నావు. అవి పోయి ఏడాదే అయింది. ఎవరైనా బలవంతం చేశారా? మందులషాపు ఆయన మళ్లీ పేరు మార్చాడా?

వెంటనే రాయి. ఫోన్ చెయ్యకు.

చంటి


డిసెంబరు 1

చంటీ,

తప్పులు మూడే. బాగుపడుతున్నావు.

ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఆఖరి పీపా వెళ్లిన రోజు ఊరంతా రోడ్డు మీదికొచ్చింది. పోరాడి సాధించామని దండలు తెచ్చుకున్నారు, లారీ కదిలేసరికి కొందరు కళ్లు తుడుచుకున్నారు. వారం తిరక్కుండా సమితి రద్దయింది. ఆ తర్వాత నెలకే నదికి అటుపక్క రంగుల ఫ్యాక్టరీ రాత్రిపూట కాలవలోకి ఏదో వదులుతోందని తెలిసింది. ఎవరూ అడగలేదు. అడిగే అలవాటు పీపాలతోపాటు లారీ ఎక్కి వెళ్లిపోయింది. నాకు భయం వేసింది దానికే.

నీ మూడు వందల ఏళ్ల సామాను ఎక్కడో ఒకచోట పెట్టాలి. లక్షల ఏళ్లకి ఎవరూ పూచీ ఇవ్వలేరు, అందుకే వద్దన్నాను. మూడు వందలంటే పదిమంది టీచర్ల సర్వీసు. లెక్కకి అందుతుంది. అయితే దాన్ని పట్టించుకోని ఊళ్లో పెడితే, మళ్లీ ఎవడో మెత్తటి గొంతుతో రాయక్కర్లేదంటాడు. మా ఊళ్లో పెడితే అడిగే అలవాటు తిరిగొస్తుంది, ఆ మాట అనడానికి ఎవడైనా ఒకసారి ఆలోచిస్తాడు. షరతులు పద్నాలుగు పెట్టాను. ఎంత చిన్న పొరపాటైనా ఆ సాయంత్రానికల్లా లైబ్రరీ గోడకి అతికించాలి, అందరికీ అర్థమయ్యే మాటల్లో. రాసినవాడి ఉద్యోగం పోకూడదు. ఈ రెండోది మీ బావ చేర్పించారు. మా పెళ్లయ్యాక నా అర్జీలో ఆయన చెప్పిన మొదటి వాక్యం అది.

ఇప్పుడు భోజనాల దగ్గర ఈ విషయాలే మాట్లాడుకుంటున్నాం. పోట్లాడుకుంటున్నాం కూడా. ఆయన ఇంత మొండి అని నలభై ఏళ్లకి తెలిసింది.

దరఖాస్తు రెండో పేజీ నీకు చూపించినట్టు లేరు. అందులో పదకొండో ప్రశ్న, "ఈ ప్రతిపాదనకి స్థానికంగా వ్యతిరేకత ఉందా? ఉంటే వివరాలు." మిగతా ఊళ్లవాళ్లు అక్కడే ఆగిపోయి ఉంటారు. నేను రాశాను: "ఉంది. దరఖాస్తుదారు."

మీ అక్క